ఇంకో పదడుగులు

సిలార్ సముద్రం పక్క పల్లెలో బట్టలు కుట్టేవాడు. గాలం వెయ్యడమంటే అతనికి పిచ్చి. పంతొమ్మిది వందల అరవై రెండులో, శివరాత్రి వెళ్లిన వారం నుంచీ మంచి చోటు కోసం ఒడ్డంతా వెతుకుతున్నాడు. రోజూ వట్టిచేతులతో ఇంటికొస్తే భార్య జమాల్‌బీ చాటుగా నవ్వుకునేది.

ఆ రోజు వెతుకుతుండగానే చీకటి పడింది. ఒడ్డున ఎవరూ లేరు. గాలం విసరగానే వెనక నుంచి ఒక గొంతు నెమ్మదిగా వినబడింది.

"ఆడ కాదబ్బయ్యా. ఇంకో పదడుగులు ఉత్తరంగా పో."

ఎవరో పెద్దాయన అనుకుని సిలార్ జరిగాడు. మూరెడు పండుగప్ప పడింది. గొంతు మళ్లీ చోటు చెప్పింది. ఇంకొకటి పడింది.

"నీకెట్టా తెలుసు పెద్దాయనా?" అని సంబరంగా అడిగాడు.

"కింద నుంచి చూస్తే అన్నీ కనపడతాయి గదా."

ఈసారి ఆ గొంతు నీళ్లలో నుంచి వచ్చింది.

సిలార్ గాలాన్నీ చెప్పుల్నీ అక్కడే వదిలేశాడు. చేపల్ని మాత్రం వదలకుండా ఇంటిదాకా పరుగెత్తాడు. జరిగిందంతా చెప్పాడు. జమాల్‌బీ చేపల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రేపు నన్ను గూడా తీసకపోండి."

"భయం లేదా నీకు?"

"భయమెందుకు? చేపలు యాడుండాయో తెలిసిన మొగోడు ఈ ఊళ్లో ఒకడన్నా ఉండాడు గదా! పులుసు ఎట్టా పెడితే ఇష్టమో అడగతా."

కిటికీ అవతల చీకట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మామిడికాయ ముక్కలు మర్చిపోవద్దమ్మా."