పోనీ ఇంగ

"దగ్గన్నా! దగ్గు!"

మైదానంలో మూడు వేల మంది ఒకటే అరుపు. స్టేజీ మీద నిలబడిన వీరేష్‌ను దగ్గమంటున్నారు.

తెలియనివాళ్లకు పిచ్చి అనిపిస్తుంది. పిచ్చే, కాదనేదేముంది!

వీరేష్ బెంగళూరు 'సిడిలు' మెటల్ బ్యాండ్ పాటగాడు. సిడిలు అంటే కన్నడంలో పిడుగు. పాతికేళ్ల కిందట వచ్చిన వాళ్ల తొలి క్యాసెట్టు ఒక దగ్గుతో మొదలవుతుంది. తర్వాత బొంగురు గొంతు "పోనీ ఇంగ" అంటుంది. ఆ వెంటనే ఆకాశం బద్దలైనట్టు ఉరుము. ఆ ఉరుములోంచి గిటార్లు లేస్తాయి.

ఆ దగ్గూ, ఆ గొంతూ వీరేష్‌వేనని అభిమానుల నమ్మకం. ఉరుము ఏదో మిషను మహిమ అనుకుంటారు.

జయచంద్రకు ఆ దగ్గూ, ఆ మాటే ఫోను రింగ్‌టోను. 'పోనీ ఇంగ' కుడిచేతి మీద పచ్చబొట్టు. అనంతపురంలో టైర్ల షాపు పెట్టుకుని, నలభై ఆరేళ్లొచ్చి, జుట్టు సగం ఊడినా, ఆ మొదటి నిమిషాన్ని ఒక్కసారి ఎదురుగా నిలబడి వినాలన్న కోరిక మాత్రం ఊడలేదు.

బ్యాండ్‌కు ఇదే ఆఖరి టూరు. ఈరోజు వినకపోతే ఇంక ఎప్పుడూ లేదు.

అందుకే మధ్యాహ్నం మూడింటి నుంచి ఎర్రదుమ్ములో, మొదటి వరసలో కంచె పట్టుకుని నిలబడ్డాడు. పక్కన స్నేహితుడు శశికుమార్.

వీరేష్ దగ్గలేదు. మైకు పట్టుకుని మాటలు మొదలుపెట్టాడు.

"అన్నా, ఆ పాటకు ముందు ఈరోజు మీకొక..."

"మాటలొద్దు! పాట!" జయచంద్ర గొంతు అందరికంటే పైన.

"ఒక్క నిమిషం వినండప్పా! ఆ క్యాసెట్టులో..."

"దగ్గు! దగ్గు!"

మిగతా మాట ఎవరికీ వినపడలేదు. వీరేష్ చేతులెత్తేసి, తెర వైపు సైగ చేశాడు.

ఒక ముసలాయన వచ్చాడు. మోకాళ్ల పైకి పంచె, తలకు టవలు. మెడలో రెండు పక్కలా తోలు బిగించిన వాయిద్యం. చేతిలో ఒక వంకర పుల్ల.

"ఎవురప్పా ఈయన? పెండ్లికి వాయించను వచ్చినాడా?" అన్నాడు శశికుమార్.

"పెండ్లి గాదు, సావు మేళం. మన పాటను సంపినారు పో!" అన్నాడు జయచంద్ర.

ముసలాయన జనానికి చేతులు జోడించాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు కానీ ఈలల్లో కలిసిపోయింది. వంకర పుల్లను తోలుకు ఆనించి రుద్దాడు. సన్నగా మూలిగింది.

"కడుపు నొస్తాందా తాతా?"

నవ్వులు.

"మేళం వద్దు! ఉరుము కావల్ల!" జయచంద్ర కంచె ఎక్కి అరిచాడు. వెనక మూడు వేల గొంతులు అందుకున్నాయి. "ఉరుము! ఉరుము!"

ఆ మాట చెవిన పడగానే ముసలాయన ముఖం విప్పారింది. ఇదేగా అన్నట్టు తలూపి, ఇంకొంచెం గట్టిగా రుద్దాడు.

జయచంద్రకు ఒళ్లు మండిపోయింది.

"నవ్వుతాండాడు సూడు!"

చేతిలో ఉన్న నీళ్ల సీసా మూత తీసి ఉందని కూడా చూసుకోలేదు. విసిరేశాడు. అది వెళ్లి వాయిద్యానికే తగిలింది. దాని వెనకే పది సీసాలు. ఆ తర్వాత లెక్కే లేదు.

తోలంతా నీళ్లు పారాయి. ముసలాయన రెండుసార్లు రుద్ది చూశాడు. పలకలేదు. తలకున్న టవలు విప్పి దాన్ని తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. తన ముఖం మాత్రం తుడుచుకోలేదు.

"ఏం మనుషులప్పా మీరు!" అన్నాడు వీరేష్. అదీ ఎవరికీ వినపడలేదు. కంప్యూటరు దగ్గర కూర్చున్నవాడికి చెయ్యి ఊపాడు.

దగ్గు మోగింది. "పోనీ ఇంగ" అంది గొంతు. ఉరుము మైదానాన్ని ఊపేసింది.

వీరేష్ పెదవులు కదల్లేదు. అది జయచంద్ర చూడలేదు. కళ్లు మూసుకుని ఏడుస్తున్నాడు.

"ఒరిజినల్ అంటే ఇదీ!" అని శశికుమార్‌ను వాటేసుకున్నాడు.

పాట అయ్యేసరికి గొంతు ఎండిపోయింది. నీళ్ల సీసా విసిరేశాడు కదా! తిట్టుకుంటూ గేటు దగ్గరున్న నీళ్ల క్యాను దాకా వచ్చాడు.

అక్కడ ఒక ఆటో. పక్కనే ఆ ముసలాయన. వాయిద్యాన్ని సాయంత్రం ఎండకు పట్టి ఆరబెట్టుకుంటున్నాడు.

చూసీచూడనట్టు పోవచ్చు. జయచంద్రకు అంత మంచితనం లేదు.

"ఏం పెద్దాయనా, ఎవురు పిలిస్తే వాళ్ల పాటలోకి దూరేదేనా? అది ఎవురి పాటో తెలుసునా నీకు?"

ముసలాయన అతని ముఖం చూశాడు. చేతి మీద పచ్చబొట్టు చూశాడు. చదువు రాదేమో, మళ్లీ తోలును ఎండకు తిప్పుకున్నాడు.

"ఏమి తాతా, ఉరుము ఇట్ల తడిసిండాది? వాన గూడా లేదే!" అన్నాడు ఆటో డ్రైవరు.

జయచంద్ర గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏంది తడిసిండేది?"

"ఉరుమన్నా. దాని పేరే ఉరుము. మా ఉరవకొండ దిక్కు పిల్లోల్లనడిగినా చెప్తారు. తోలు కాగి ఉన్నప్పుడు ఆ వంకర పుల్లతో రుద్దితే, పైన మబ్బు ఉరిమినట్లే ఉంటాది. తడిస్తే ఇంగేముంది, సచ్చినట్లే."

ముసలాయన ఉరుమును ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాడు.

కూర్చుని ఒక దగ్గు దగ్గి, ఇన్నేళ్లుగా జయచంద్ర జేబులో మోగుతున్న ఆ గొంతుతోనే, డ్రైవరు భుజం తట్టి అన్నాడు: "పోనీ ఇంగ."