పది గంటల సంతకం

ఇన్‌స్పెక్టర్ రిజిస్టరు మీద చెయ్యి పెట్టి, పాల్‌రాజ్‌ను సంతకం చేయనివ్వలేదు.

“ముందు బయట గుంపును పంపించు.”

“నేను పిలవలేదు సార్. రైలెక్కి వాళ్లే వచ్చినారు.”

గుమ్మిడిపూండిలో సమ్మె నడిపినందుకు పాల్‌రాజ్ మీద దేశద్రోహం కేసు పెట్టారు. ఏడు నెలల జైలు తరువాత బెయిలిచ్చిన కోర్టు, తోటి కార్మికులకు దూరంగా తిరుత్తణిలో ఉండి రోజూ పదింటికి పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టమంది. అప్పటినుంచి నైట్ షిఫ్టు దిగినవాళ్లు వంతులవారీగా అతని వెంట స్టేషన్‌కు వస్తున్నారు.

రాజకీయ ఖైదీల కేసులు వాదించే సంఘం లాయర్ నిత్య పక్కనే ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగాడు.

“వారానికొక సంతకం చాలని పిటిషన్ వెయ్యండమ్మా. మేం అడ్డు చెప్పం.”

నిత్య ముఖం వెలిగింది. ఆ మాటే ఆమె రెండుసార్లు కోర్టులో అడిగితే, రెండుసార్లూ అడ్డుపడింది పోలీసులే.

“పాల్‌రాజన్నా, ఒప్పుకో. ఈ తిరుగుడు తప్పుతుంది.”

“వద్దు మేడమ్. నన్ను పట్టుకొని పొయ్యిన దినం మా పక్కింటి బేబక్క తలుపేసుకొని మంచం కింద దూరింది. ఇప్పుడు యాడుందో చూడండి.”

నిత్య కిటికీలోంచి చూసింది. బేబి స్టేషన్ మెట్ల మీద కూర్చొని అందరికీ టీ పోస్తోంది. దారికి అడ్డంగా ఉన్నాడని కానిస్టేబుల్‌ను పక్కకు జరగమంటోంది.

నిత్య ఫైలు మూసింది.

“కోర్టు ఆర్డర్ సార్. దినామూ రావాల్సిందే,” అంది. “పదవుతా ఉండాది. రిజిస్టరు ఇట్లియ్యండి.”