బయటివైపు గడియ

ఆ బస ఒకప్పటి జైలు. గదులకు సున్నం వేసి పరుపులు పరిచారు కానీ గడియలు పాతవే, బయటివైపే ఉన్నాయి. ఏళ్ల తర్వాత కలిసిన స్నేహితురాళ్లిద్దరూ, ఒక టీచరమ్మ, బట్టల కొట్టు నడిపే ఒకావిడ, దాని మీద కడుపుబ్బ నవ్వుకున్నారు.

"నిద్రలో నడిచే జబ్బు నాకింకా పోలేదే. బయట తాళం వేసి పొద్దున్నే తియ్యి," అంది టీచరమ్మ.

బట్టల కొట్టావిడ తాళం వేసి, లాగి చూసి, పక్క గదిలో పడుకుంది. వ్యాపారానికి అనుమానమే పెట్టుబడి అనుకునే మనిషి. నడిరేయి మెలకువ రాగానే వచ్చి మళ్లీ లాగింది.

"ఎవరూ?" అంది లోపలి నుంచి టీచరమ్మ.

"నేనేనే. తాళం చూస్తున్నా. పడుకో."

లోపల టీచరమ్మ ఎవరినో మెల్లగా లేపుతోంది. "ఏమేవ్, లేవే. బయటెవరో అచ్చం నీలాగే మాట్లాడుతున్నారు."

"మాట్లాడనీవే. నేనున్నాగా," అంది ఒక నిద్రమత్తు గొంతు. అది కొట్టావిడ గొంతే.

లాభనష్టాలు బేరీజు వేసుకుంటే పారిపోవడమే మేలు. కానీ స్నేహితురాలిని దాని పక్కన వదిలి ఎలా పోతుంది? కొట్టావిడ తాళం తీసి తలుపు తోసింది. అది కాస్త కదిలి ఆగిపోయింది. లోపల ఇద్దరి బలం అడ్డుపడుతోంది.

"గట్టిగా పట్టుకోవే," టీచరమ్మ ఏడుస్తోంది, "అది లోపలికొచ్చేస్తోంది!"