జాబితాలో ఒకే ఒక్క తప్పు

"రాష్ట్రం పుట్టాక జరిగిన మొట్టమొదటి శాసనసభ ఎన్నికలకి ఈ పేటంతటి ఓటర్ల జాబితా రాసింది ఈ చెయ్యేనమ్మాయ్. అందులో తప్పు చూపించినవాడికి మీసం తీసిచ్చేస్తాను" అన్నాడు తాత.

జాబితా సరిచూడ్డానికి వచ్చిన అమ్మాయి నవ్వి కుర్చీ ముందుకు జరుపుకుంది. పేటలో ఆయన్ని జాబితా తాత అనే అంటారు. ఆ మీసాన్ని ఎన్ని పందేల్లో ఒడ్డాడో లెక్కలేదు. ఇంకా మూతి మీదే ఉంది.

లోపలి గదిలో మామ్మ కుట్టు మిషను గడగడలాడుతోంది. తాతకి వినేవాళ్లు దొరికితే ఆకలిదప్పులుండవు. మొదటిసారి అభ్యర్థికో పెట్టె పెట్టారనీ, ఒక మొహమాటస్థుడు ఎవర్నీ నొప్పించలేక తన చీటీని చింపి పెట్టెకో ముక్క వేసొచ్చాడనీ చెప్పాడు. తర్వాత ముద్ర గుద్దే కాగితం వచ్చింది, ఆ తర్వాత మీట నొక్కే యంత్రం. ఒకసారి ప్రభుత్వం ఏడాదికే కూలిపోతే, వేలి మీద సిరా మాయకముందే జనం మళ్లీ వరసలో నిలబడ్డారట. పదమూడు ఎన్నికల్లోనూ మామ్మ మొదటి గంటలోనే ఓటేసిందనీ, ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చిన ఏడు తానే భుజాన వేసుకుని తీసుకెళ్లాననీ అన్నాడు.

"పక్కింటివాళ్ల బండిలో వెళ్లాను" అంది మామ్మ లోపల్నుంచి.

అమ్మాయి కాగితాలు తిరగేస్తూ కాస్త ఇబ్బందిపడింది. "తాతగారూ, మామ్మగారి పేరు దగ్గరే చిక్కొచ్చింది."

ఈసారి ప్రతి పేరునూ పుట్టుకల రిజిస్టరుతో సరిపోల్చమన్నారట. ఆ తేదీన, ఆ తల్లిదండ్రులకి పుట్టిన పిల్ల పేరు అందులో వేరే ఉంది. చదివి వినిపించింది.

మిషను ఆగిపోయింది.

నాలుగోసారీ ఆడపిల్లేనా అని విసుక్కుని, ఇక చాలన్న అర్థం వచ్చేలా పెద్దవాళ్లు పడేసిన పేరది. ఆ పేరుతో పిలిచినవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు.

మామ్మ కత్తెర చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "నా ఓటు తీసేస్తావా తల్లీ?"

అమ్మాయి నిబంధన చెప్పింది. ఓటరే తనది కాని పేరు చెప్పి రాయించుకుని ఉంటే తీసెయ్యక తప్పదు. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు కానీ అది రిజిస్టరులో ఉన్న పేరుతోనే. పైగా వచ్చే నెల పోలింగుకి అందదు. అలా కాకుండా జాబితా రాసిన ఉద్యోగిదే పొరపాటైతే, అతను ఒప్పుకుని సంతకం పెడితే చాలు, ఇన్నేళ్లుగా వాడుకలో ఉన్న పేరే ఖాయమవుతుంది.

అంటూ తాత వైపు చూసింది. తాత మామ్మ వైపు చూశాడు.

తర్వాత గొంతు సవరించుకున్నాడు. ఆ రోజుల్లో ఆడవాళ్లు కొత్త మగాడికి పేరు చెప్పేవారు కాదన్నాడు. ఫలానావాడి పెళ్లాం, పెద్దోడి తల్లి అని రాసుకోమనేవారు. పక్క పేటలవాళ్లు అలాగే రాసుకుపోతే పైనుంచి వందల పేర్లు కొట్టేశారు. తాను మాత్రం గుమ్మం గుమ్మం దగ్గరా భీష్మించుకు కూర్చుని పేరు రాబట్టాడు. ఒకావిడ దగ్గరైతే బావిలో పడ్డ చేద తీసిచ్చేదాకా మాట పెగల్లేదు. చివరికి మిగిలింది దర్జీ ఇల్లు.

"ఎండ మాడ్చేస్తోంది. తలుపు చాటున పెళ్లికాని పిల్ల, ఎంత అడిగినా ఉలకదు పలకదు. ఓపిక చచ్చిపోయిందమ్మాయ్. నోటికొచ్చిన పేరు గిలికేసి వచ్చేశాను. ఏడాది తిరక్కుండా ఆ పిల్లనే చేసుకున్నాను. ఆ పేరే నిలిచిపోయింది. తప్పు నాదే, రాసుకో."

అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. "మరి మీసం సంగతేంటి తాతగారూ?"

"కత్తెర ఆవిడ చేతిలోనే ఉందిగా."

ఈ కాగితాన్ని వారం రోజులు పేట కార్యాలయం గోడకి అంటించాల్సి ఉంటుందని అమ్మాయి ముందే చెప్పింది. అరవై ఏళ్లుగా కొట్టుకున్న డప్పు సాయంత్రానికల్లా పగిలిపోతుందని తాతకి తెలుసు. అయినా 'పొరపాటు నాది' అన్న మాట కింద బారెడు సంతకం పెట్టి, అందరికీ కనబడే ఎత్తులో అంటించమని చెప్పి పంపాడు.

గేటు పడ్డాక మామ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"చీటీ చింపి పెట్టెకో ముక్క వేశాడన్నారు, నిజమేనా?" అంది.

"అవన్నీ ఎప్పుడూ చెప్పేవేగా. ఇవాళ కొత్తగా కల్పించింది ఒక్కటే."

"ఏది?"

"ఆ రోజు తలుపు చాటునుంచి ఈ పేరు చెప్పింది నువ్వేగా."