మెట్లకు అడ్డం కూర్చున్న మనిషి

కల్లియోపి ముసలాయన సంచీ సర్దుతోంది.

సర్దడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు చొక్కాలు, నడుముకు చుట్టుకునే ఉన్ని పట్టీ, పళ్ళూడిన దువ్వెన.

వెళ్ళేవాళ్ళ సంచీ సర్దడం ఆమెకు కొత్త కాదు. సముద్రంలో మునిగి స్పాంజీలు తీసే పనికి వెళ్ళిన భర్తకూ ఆమే సర్దింది. సంచీని ఒకసారి పైనుంచి కిందిదాకా తడిమి చూడటం అప్పటి అలవాటు.

సిదెరిస్ మంచం అంచున కూర్చుని చూస్తున్నాడు. చలికాలంలో గ్రీసులోని సీరోస్ దీవి నుంచి వచ్చి ఆమె వెనకగదిలో అద్దెకు దిగాడు. ఎవరికోసం వచ్చాడో చెప్పలేదు.

"ఇవాళ్టికి ఉండనీ తల్లీ," అన్నాడు.

"ఉండనిచ్చేదాన్నే. పొద్దున చర్చి ముందు నోరు మూసుకుని ఉంటే."

ఆ పొద్దున కీమోన్ గారు తన తండ్రి వర్ధంతి చేయించారు. ఎడారి కొండల్లో బంగారు గని ఉందని కంపెనీ పెట్టి, వాటాలు అమ్ముతున్న పెద్దమనిషి ఆయనే. వర్ధంతి ఏటా చేయిస్తారు. ఈజిప్టులో అలెగ్జాండ్రియా నగరపు గ్రీకు పేటంతా వస్తుంది. ఉడికించిన గోధుమల్లో చక్కెర, ఎండుద్రాక్ష, దానిమ్మ గింజలు కలిపి, పోయినాయన పేర అందరికీ దోసిట్లో పెడతారు.

"మా నాన్న గనిలోనే పోయారు. గని పేరు చెప్పి నేను అబద్ధమాడితే ఆయన ఆత్మ నన్ను క్షమించదు," అన్నారు కీమోన్ గారు కళ్ళు తుడుచుకుంటూ.

వరసలో ఉన్న సిదెరిస్ తన వంతు గోధుమలు మెల్లగా తిన్నాడు. మూతి తుడుచుకుని ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

"తినండి. డబ్బు మాత్రం ఇవ్వకండి. అక్కడ బంగారం లేదు."

"తవ్వి చూశావా?" అంది బట్టలు కుట్టే ఆస్పసియా.

"లేదు."

"మరెట్లా తెలుసు?"

సిదెరిస్ నోరు తెరిచాడు. కీమోన్ గారి వైపు చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

కీమోన్ గారి ముఖం పాలిపోయింది. గొంతు మాత్రం మెత్తగానే ఉంది.

"పెద్దాయనకు ఎండ తగిలినట్టుంది. నీడన కూర్చోబెట్టండి," అన్నారు.

ఆ మంచితనానికి పేటంతా కరిగిపోయింది.

"పోయిన తండ్రిని ఇట్లా తలుచుకునే మనిషి మనల్ని ముంచుతాడా?" అంది కల్లియోపి సంచీ మూతి బిగిస్తూ. "నీకూ ఒక కొడుకుంటే తెలిసేది."

సిదెరిస్ తల దించుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"వాటాలకు ఇద్దామనుకుంటున్న ఆ డబ్బు దేనికి దాచుకున్నావు?" అని అడిగాడు.

"రొట్టెల బట్టీకి. ఇన్నేళ్ళూ ఎవరి బట్టీ దగ్గరో పడిగాపులు కాశాను. వాళ్ళ రొట్టెలయ్యాక మిగిలిన వేడే నాకు. నావి సగం పచ్చిగానే ఉంటాయి, కొనేవాళ్ళు తిట్టుకుంటూ తింటారు. దాచింది సగం బట్టీకే సరిపోతుంది. వాటాలు కొంటే ఏడాదిలో రెట్టింపవుతుందట. కంపెనీ కాయితాల మీద ఇంగ్లీషు ఇంజనీరు సంతకం కూడా ఉంది."

"ఆ సగమైనా నీ చేతిలో ఉంది కదా."

"సగం బట్టీలో రొట్టెలు కాల్చుకోమంటావా? లే పెద్దాయనా, లే."

సిదెరిస్ సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

శనివారం ఆమె డబ్బు రుమాల్లో మూటకట్టుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్ళింది. కాఫీ కొట్టు పైన ఆఫీసు. ఇరుకు మెట్లు. మధ్య మెట్టు మీద సిదెరిస్ అడ్డంగా కూర్చున్నాడు, ఒళ్ళో సంచీతో.

"జరుగు తాతా," అన్నారు జనం.

"జరగను."

"మీ నాయన కట్టించిన మెట్లా ఇవి?" అన్నాడు చేపలమ్మే అతను.

"వెళ్ళాలంటే నన్ను తొక్కుకుంటూ వెళ్ళండి."

ఆస్పసియా లంగా ఎత్తిపట్టుకుని, ఆయన భుజం మీదుగా దాటి వెళ్ళింది. ఇంకొందరూ దాటారు. కల్లియోపికి కాలు లేవలేదు. ఆయన వేసుకున్న చొక్కా ఆమె ఉతికిందే.

కాపలావాడు కర్ర తీసుకుని వచ్చాడు. కర్ర ఎత్తేసరికి పైన తలుపు తెరుచుకుంది.

"ఆయన్ని కొట్టకు," అన్నారు కీమోన్ గారు. "ఇవాళ్టికి ఆఫీసు మూసేస్తున్నాం. మిగతావాళ్ళు సోమవారం రండి."

జనం గొణుక్కుంటూ దిగారు. కల్లియోపి ముసలాయన ముందు ఆగింది.

"నా నోటి దగ్గర కూడు తన్నేశావు. ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు."

"సరే తల్లీ," అన్నాడు సిదెరిస్.

సోమవారం ఆఫీసుకు తాళం ఉంది. పగలగొట్టి చూస్తే లోపల కుర్చీలు కూడా లేవు. పోలీసులు గ్రీకు కాన్సులేటుకు పొమ్మన్నారు. కాన్సులేటువాళ్ళు పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు. ఆస్పసియా ఆ మెట్ల మీదే కూలబడింది. ఎవరు లేపినా లేవలేదు.

కల్లియోపి మూట ఇంకా ముడి విప్పకుండానే ఉంది. అది రొమ్ము దగ్గర దోపుకుని, ముసలాయన కోసం పేటంతా తిరిగింది. ఎక్కడా లేడు. చివరికి రేవుకు వెళ్ళింది. జనాన్ని ఓడల దాకా చేర్చే పడవవాడు రిజ్క్ ఆమె దగ్గర రోజూ రొట్టె కొనేవాడు.

"సంచీ ముసలాయనా? నిన్న పొద్దున నా పడవలోనే వెళ్ళాడమ్మా. సూటు వేసుకున్న మీ కంపెనీ ఆయనతో."

"ఇద్దరూ కలిసే వెళ్ళారా?"

"కలిసేంటి, దారంతా పోట్లాటే. ముసలాయన ఆయన కోటు పట్టుకుని వదిలితేగా. ఓడ దగ్గర ఆ సూటాయన వెనక్కి పొమ్మని బతిమాలాడు. ముసలాయన వినకుండా తనూ నిచ్చెన ఎక్కేశాడు."

"ముసలాయన ఏమంటాడు?"

"ఒకటే పాట. 'నన్ను బతికుండగానే చంపేశావు, పోనీ. వాళ్ళ డబ్బు వాళ్ళకిచ్చెయ్యరా,' అని. మీ భాష నాకు వచ్చు కానీ, ఆ మాటేమిటో నాకు అంతుబట్టలేదు."

కల్లియోపి రేవు రాళ్ళ మీద కూర్చుంది.

1907 మే నెలలో కొడుకు వెంట ఓడెక్కిన సిదెరిస్ మళ్ళీ అలెగ్జాండ్రియాకు రాలేదు.