గాలి లేని గ్రహం

"చేతులు దించు. నోటితో చెప్పకపోతే నిన్ను బళ్లో చేర్చుకోరే!" అంటూ అమ్మ, పుట్టుచెవుడున్న చిన్నకూతురి చేతులు రెండూ ఒడిసిపట్టుకుంది.

ఒక గ్రహాన్ని ఊహించి భూమితో పోల్చమన్న హోంవర్కును పక్కనే పెద్దది పైకి చదువుతోంది. "భూమ్మీద గాలి ఉంది కాబట్టి మాట వినిపిస్తుంది. మా గ్రహం మీద గాలి లేదు. అక్కడందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు."

"బాగుంది సంబడం! మరి నేనొస్తే?"

"నీకు కష్టమేనమ్మా. ఎవరేమన్నా అర్థం కాదు, చెల్లి చెప్పినా సరే."

"కన్నతల్లిని, దాని మాట నాకు తెలీదా?"

"అయితే ఇప్పుడేమంటోందో చెప్పు."

అమ్మ కిందికి చూసింది. తన పట్టులో ఆ చిన్న వేళ్లు గింజుకుంటూ ఏదో చెబుతున్నాయి.

"నువ్వే చెప్పు," అంది చివరికి.

"చేతులు నొప్పట. రోజూ అదే అంటుందమ్మా."