దాపల కేక

“దాపల... ఏయ్, దాపల!”

అంచున గీసిన సున్నపు గీత వెంట పరుగెడుతూ రెడ్డెప్ప వేసిన కేకకు మదనపల్లె గ్రౌండు మొత్తం తిరిగి చూసింది. ఆటలో ఉన్న అతని కూతురు ప్రీతి చటుక్కున తల తిప్పి, కాళ్ల మీదికి వస్తున్న కుప్పం పిల్లను తప్పించుకుని, బంతిని ముందుకు తన్నింది. కోచ్ నవనీతకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

జిల్లా ఫుట్‌బాల్ జట్టుకు ఎంపిక ఆట అది. ఒక పక్క పుంగనూరు ఆడపిల్లలు, ఇంకో పక్క కుప్పం ఆడపిల్లలు. జట్టులో ఒక్క చోటే మిగిలింది. అది దొరికితే ప్రీతికి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువు. దొరక్కపోతే అంతే సంగతులు, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

“ఎవురు మేడం ఆ మనిషి?” సెలెక్టర్ గురుమూర్తి అడిగాడు.

“ప్రీతి వాళ్ల నాయన సార్. సేద్యం చేస్తాడు.”

“అది తెలస్తానే ఉండాది. దాపల అంటే కాడికి ఎడం పక్క కట్టే ఎద్దు. మడక దున్నేటప్పుడు అట్లనే అదిలిస్తారు. ఆయప్ప బిడ్డను ఎద్దు మాదిరి తోలతాండాడు.”

వెనక కూర్చున్న తల్లిదండ్రులు పకపకా నవ్వారు. గురుమూర్తి నవ్వలేదు.

“పిల్ల బాగానే ఆడతాంది మేడం. కానీ ఇట్లాంటి నాయన ఉంటే మాకు తలనొప్పి. రేపు హాస్టలుకొచ్చి గూడా ఇదే గోల. మీరే ఆలోచించుకోండి.”

తప్పు తనదేనని నవనీతకు తెలుసు. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని ఎగిరేదేందని ఊళ్లో మూతి విరిస్తే, ఇల్లిల్లూ తిరిగి, మీరొచ్చి చూస్తే బిడ్డలకు ధైర్యంగా ఉంటుందని బతిమాలింది తనే. మిగతావాళ్లు వచ్చి చప్పట్లు కొట్టి పోతారు. రెడ్డెప్ప ఒక్క ప్రాక్టీసూ వదలడు, ఒక్క నిమిషమూ నోరు మూయడు. కొరివితో తల గోక్కున్నట్టయింది ఆమె పని.

గోల ఒక్కటే అయితే ఓర్చుకునేదే. ఆ కేక వినగానే పిల్ల ఉలిక్కిపడడం ఆమె రోజూ చూస్తోంది. పొద్దున వ్యానులో ప్రీతి చొక్కా చెయ్యి పైకి జరిగినప్పుడు ఎడం భుజం కమిలి కనిపించింది.

“మీ నాయన కొట్టినాడా?”

“లేదు మేడం. తలుపు తగిలింది.”

“పోయిన వారం గూడా తలుపే అంటివి.”

ప్రీతి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

సగం ఆట ముగిసేసరికి పుంగనూరు ఒక గోల్ ముందుంది. కొట్టింది ప్రీతే. పిల్లలు నీళ్లు తాగుతుంటే నవనీత నేరుగా రెడ్డెప్ప దగ్గరికి పోయింది.

“అన్నా, నువ్వు గేటు బయటికి పోవల్ల.”

“యాలమ్మా? నేనేం తప్పు జేస్తి?”

“నీ అరుపులకు బిడ్డ సెలెక్షన్ పోతాంది. సార్ చెప్పేసినాడు.”

రెడ్డెప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “ఇంగ మెల్లిగా అరుస్తాలేమ్మా.”

“మెల్లిగా అరిచేదేందన్నా? అసలు అరిచేదే వద్దంటాండా.”

“ఈ ఒక్క పొద్దుకు ఉండనీమ్మా. నేను లేకుంటే దానికి ఆట సాగదు.”

ఆ మాటతో నవనీతకు ఒళ్లు మండింది. “నువ్వు లేకుంటేనే సాగతాది. ఆ పిల్ల భుజం నేను సూడలేదనుకుంటాండావా?”

రెడ్డెప్ప ఏదో చెప్పబోయాడు. నీళ్ల సీసా పట్టుకుని వచ్చిన ప్రీతి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన నోరు మూసుకున్నాడు. కూతురి తల నిమిరి, చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి నడిచాడు. వెనకాలే గేటు పడింది.

నవనీతకు ఆ పిల్లను చూస్తే జాలేసింది. కన్నతండ్రితో మాట్లాడడానికి కూడా సైగలే కావాల్సొచ్చాయి పాపం అనుకుంది.

“ఇంగ ఎవురికీ భయపడే పని లేదు. నీ ఆట నువ్వు ఆడు,” అని వీపు తట్టింది.

ప్రీతి నోరు తెరవబోయి, పక్కనే గురుమూర్తి ఉండడం చూసి ఊరుకుంది.

ఆట మళ్లీ మొదలైంది. ఈసారి గ్రౌండు ప్రశాంతంగా ఉంది. కానీ ప్రీతి కాళ్లకు ఏమైందో ఎవరికీ అర్థం కాలేదు. మొదటి బంతి మూరెడు దూరంలో దొర్లిపోతున్నా ఆమె కదల్లేదు. రెండోదాన్ని కుప్పం పిల్ల పక్కనుంచి వచ్చి లాక్కుపోయింది. చూస్తుండగానే కుప్పం గోల్ కొట్టి సమం చేసింది. ప్రీతి మాటిమాటికీ గేటు వైపు తిరిగి చూస్తోంది.

“ఏంది మేడం, పిల్ల ఇట్ల సల్లబడిపోయింది?” గురుమూర్తి పెదవి విరిచాడు.

“ఇన్నాళ్ల భయం సార్. ఒక్క పూటలో యాడ పోతాది?” అంది నవనీత. తనకు తానే సర్దిచెప్పుకుంటున్నట్టుంది ఆ మాట.

అంతలోనే దబ్బుమని చప్పుడైంది. బంతి కోసం వేగంగా వస్తున్న కుప్పం పిల్ల ప్రీతిని గుద్దేసింది. ఇద్దరూ కింద పడ్డారు. ఆ పిల్ల లేచింది, ప్రీతి లేవలేదు.

నవనీత పరుగెత్తుకుంటూ పోయి ఆమె తలను ఒళ్లో పెట్టుకుంది. ప్రీతి మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది.

“అంత పెద్ద పిల్ల నీ పక్కనే వస్తాంటే తప్పుకోకుండా నిలబడితివేందే?”

“నాయన్ను లోపలికి రానీండి మేడం.”

“ఆయప్ప అరుపులు లేకుండా ఆడలేవా నువ్వు?”

గురుమూర్తి అటే వస్తున్నాడు. ఆయన వచ్చేలోగా ప్రీతి నవనీత మెడ చుట్టూ చెయ్యేసి దగ్గరికి లాక్కుంది. ఇంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

“సార్‌కు చెప్పొద్దు మేడం,” అంది చెవిలో.

“నాకు ఎడం కన్ను కనపడదు.”